రుచి చూడకుండానే తెలియాలి: ఇంట్లో క్రీమ్, దాని మంచిచెడులు

రమజాన్ మాసంలో అస్ర్ నమాజ్ ముగిసింది మొదలు మన వంటిళ్లలో హడావుడి పెరుగుతుంది. ఒక పొయ్యిపై శనగలు ఉడుకుతుంటాయి, మరొక పొయ్యిపై నూనె కాగుతుంటుంది. ముందురోజు రాత్రి నానబెట్టిన ఎండు ఖుబానీలు పాకంలో మెత్తబడి, ఖుబానీ కా మీఠా సిద్ధమై ఉంటుంది. ఇక దానిపై వేయడానికి క్రీమ్ గిలకొట్టడమే మిగిలింది. ఫ్రిజ్ తెరిస్తే నాలుగు రోజుల క్రితం విప్పిన ప్యాకెట్ సగం మిగిలి కనిపిస్తుంది. బాగుందా, చెడిందా? మామూలు రోజుల్లోనైతే వేలి కొనతో తీసి నాలుకపై పెట్టుకుంటే సరిపోతుందని మన గృహిణులు భావిస్తారు. కానీ ఇప్పుడు ఆమె ఉపవాసంలో ఉంది. చుట్టూ ఉన్నవారంతా ఉపవాసంలోనే ఉన్నారు. ఇంట్లో ఉపవాసం లేనివారు ఇద్దరే: మూడేళ్ల మనవడు, మందులు వేసుకునే అత్తగారు. వారితో రుచి చూపించి తేల్చుకోవడం కంటే పెద్ద పొరపాటు మరొకటి ఉండదు.

అవసరం ఏర్పడినప్పుడు వంటకాన్ని నాలుక చివర మాత్రమే చూసి, మింగకుండా ఉమ్మివేయవచ్చని పలువురు ధర్మవేత్తలు అనుమతించారు. ఉప్పు చాలిందా లేదా అని తెలుసుకోవడానికి ఆ వెసులుబాటు పనికివస్తుంది. క్రీమ్ విషయంలో మాత్రం ఆ వెసులుబాటుతో పెద్దగా ప్రయోజనం లేదు. క్రీమ్ పులిసిందో లేదో నాలుక చెప్పగలదు గాని, అది హానికరమో కాదో చెప్పలేదు. ఈ రెండూ ఒకటి కావు. ఈ తేడా తెలిసిన గృహిణి ఉపవాసంలో ఉన్నా లేకున్నా రుచిపై ఆధారపడదు.

మీగడ వేరు, క్రీమ్ వేరు

మన ఇళ్లలో బాలాయి, మలాయి, మీగడ, క్రీమ్ అనే మాటలను ఒకే పదార్థానికి వాడుతుంటాము. వంటకు కూర్చున్నప్పుడు ఇవి వేర్వేరు వస్తువులని గుర్తించాలి. పాలు కాచి చల్లార్చినప్పుడు పైన కట్టే పొరలో కొవ్వుతోపాటు వేడికి గడ్డకట్టిన మాంసకృత్తులు కూడా ఉంటాయి. అందుకే అది దుప్పటిలా మడతలు పడుతుంది, నోటికి పలుకుగా తగులుతుంది. దీనిని ఎంత గిలకొట్టినా నున్నని నురుగుగా పొంగదు. కొంతసేపు చిక్కబడి, ఆ వెంటనే వెన్నగా విడిపోతుంది. తుర్కీ దేశంలో కైమాక్, అరబ్బు దేశాలలో ఖతాయిఫ్‌లో పెట్టే ఖిష్తా కూడా ఈ జాతివే. వాటిని ఎవరూ గిలకొట్టరు, ఉన్నవి ఉన్నట్లుగా వడ్డిస్తారు. షాహీ టుక్డా మీద ఇంటి మీగడను అలాగే పరచడమే దానికి తగిన మర్యాద.

క్రీమ్ అనేది కాచని పాల నుండి యంత్రంతో వేరుచేసిన కొవ్వు భాగం. గిలకొడితే అది పొంగాలంటే కొవ్వు కనీసం 30 శాతం ఉండాలి, 35 శాతం ఉంటే పని మరింత సులువు. అంగడిలో ‘ఫ్రెష్ క్రీమ్’ పేరుతో దొరికే చిన్న డబ్బాలలో సాధారణంగా 25 శాతమే ఉంటుంది. అమూల్ ఫ్రెష్ క్రీమ్ ఇందుకు తెలిసిన ఉదాహరణ. ఆ క్రీమ్ కూరలకు, ఫ్రూట్ సలాడ్‌కు చక్కగా సరిపోతుంది. అరగంట గిలకొట్టినా చిక్కబడుతుందే తప్ప కొన నిలబడదు. బీటర్ పాడైందనో, చేతివాటం లేదనో బాధపడే సోదరీమణులు ముందుగా డబ్బా మీది అంకెను చదవాలి. చాలా సందర్భాలలో లోపం అక్కడే ఉంటుంది.

మూడవ రకం బేకరీలవారు వాడే ‘విప్ టాపింగ్’. పేరులో క్రీమ్ అని ఉన్నా ఇది పాల కొవ్వు కాదు. ఎక్కువగా పామ్ కెర్నల్ నూనెను గట్టిపరచి, దానికి చక్కెర, నీరు, చిక్కదనం ఇచ్చే పదార్థాలు, పాల నుండి తీసిన సోడియం కేసినేట్ కలిపి తయారుచేస్తారు. మూడు నాలుగు రెట్లు పొంగుతుంది, ఎండకు త్వరగా కరగదు, చవక కూడా. అందుకే మన పట్టణాలలో పుట్టినరోజు కేకులపై కనిపించే తెల్లని అలంకరణలో అధికభాగం ఇదే. నూనెలలోను, వాటితో చేసిన ఆహారపదార్థాలలోను ట్రాన్స్ కొవ్వు 2 శాతానికి మించరాదని 2022 జనవరి నుండి మన దేశంలో నిబంధన ఉంది. కనుక పాత భయాలు కొంత తగ్గాయి. అయినా పాల రుచి కావాలనుకున్నవారికి ఇది ప్రత్యామ్నాయం కాదని నా అభిప్రాయం. నాలుకపై మైనపు పొరలా మిగిలే ఆ జిడ్డు చాలు తేడా తెలియడానికి.

వీధి చివరి డెయిరీలో తూచి ఇచ్చే విడి క్రీమ్ గురించి ప్రత్యేకంగా చెప్పాలి. ఇది తరచుగా పచ్చిపాల నుండే తీసినదై ఉంటుంది. చిక్కగా, సువాసనగా ఉండవచ్చు గాని, పచ్చిపాల ద్వారా సంక్రమించే బ్రూసెల్లోసిస్ వంటి జబ్బులకు అందులో అడ్డు లేదు. దానిని మందపాటి గిన్నెలో సన్నని మంటపై కలుపుతూ, ఆవిరి లేచి అంచుల వెంట బుడగలు వచ్చేవరకు వేడిచేసి, చన్నీటిలో గిన్నె పెట్టి త్వరగా చల్లార్చి, రాత్రంతా ఫ్రిజ్‌లో ఉంచిన తరువాతనే వాడాలి. గర్భిణులు ఉన్న ఇంట్లో ఈ శ్రమను ఏ కారణంతోనూ తప్పించుకోరాదు.

చల్లదనమే అసలు పనిముట్టు

లక్నోలో ‘నిమిష్’ అనీ, ఢిల్లీలో ‘దౌలత్ కీ చాట్’ అనీ, వారణాసిలో ‘మలైయో’ అనీ పిలిచే పాలనురుగు మిఠాయి ఉన్నది. దానిని చలికాలపు ఉదయాలలోనే అమ్ముతారు. ఎండ ఎక్కేసరికి ఆ నురుగు దిగిపోతుంది. ఫ్రిజ్‌లు లేని కాలంలో ఆ పనివారు గ్రహించిన సంగతినే ఇవాళ మనం హైదరాబాద్, కర్నూలు, గుంటూరు వేడిలో మరచిపోతున్నాము.

క్రీమ్‌లోని కొవ్వు అతి సూక్ష్మమైన గోళాలుగా ఉంటుంది. ఒక్కొక్క గోళం చుట్టూ పలుచని పొర ఉంటుంది. బాగా చల్లబడినప్పుడు గోళంలోని కొవ్వు కొంత గడ్డకడుతుంది, కొంత మెత్తగానే ఉంటుంది. బీటర్ తిరిగేకొద్దీ గాలి బుడగలు లోపలికి చేరుతాయి, గోళాల పొరలు చిట్లుతాయి. సగం గట్టిపడిన గోళాలు ఒకదానికొకటి అంటుకుని, ప్రతి బుడగ చుట్టూ గోడ కడతాయి. ఆ గోడే క్రీమ్‌ను నిలబెడుతుంది. వేడి తగిలితే కొవ్వు పూర్తిగా ద్రవమై గోడ కూలుతుంది. అందుకే వెచ్చని క్రీమ్ ఎంత గిలకొట్టినా పొంగదు.

కొవ్వు ఇలా గడ్డకట్టడానికి సమయం పడుతుంది. అంగడి నుండి తెచ్చి అరగంట ఫ్రీజర్‌లో పెడితే పైపైన చల్లబడుతుంది గాని లోపలి పని పూర్తికాదు. ఫ్రిజ్‌లో ఒక రాత్రి ఉంచడం మంచిది. గిలకొట్టే ముందు స్టీలు గిన్నెను, బీటర్ కడ్డీలను పావుగంట ఫ్రీజర్‌లో పెట్టాలి. మరొక వెడల్పాటి గిన్నెలో మంచుముక్కలు, నీళ్లు, గుప్పెడు ఉప్పు వేసి, అందులో క్రీమ్ గిన్నెను కూర్చోబెట్టాలి. ఉప్పు వేసిన మంచునీరు మామూలు మంచునీటికంటే చల్లగా ఉంటుంది. ఫ్యాన్ కింద కాక, పొయ్యికి దూరంగా పని చేయాలి. ఇఫ్తార్ వేళ నాలుగు పొయ్యిలు మండుతున్న వంటగదిలో కంటే పక్కగదిలో పని సులువుగా సాగుతుంది.

200 మిల్లీలీటర్ల క్రీమ్‌కు రెండు పెద్ద చెంచాల పొడి చక్కెర చాలు. ఖుబానీ కా మీఠా మీదికైతే ఒక చెంచా కూడా ఎక్కువే, ఎందుకంటే కింది పాకమే తీపి. మొదట చక్కెర లేకుండా మధ్యస్థ వేగంతో మొదలుపెట్టాలి. రెండు మూడు నిమిషాలకు బీటర్ వెళ్లిన దారి గీతలా మిగులుతుంది. అప్పుడు చక్కెర చల్లి కొనసాగించాలి. కడ్డీని పైకెత్తితే కొన లేచి వంగిపోతే అది మెత్తని దశ, మిఠాయిలపై వేయడానికి ఇంతకు మించి అవసరం లేదు. కొన నిటారుగా నిలబడితే కేకుపై అలంకరణకు తగిన దశ. పరిమాణం అప్పటికి సుమారు రెట్టింపు అవుతుంది. ఇక్కడి నుండి పది పదిహేను సెకన్లలోనే పని చెడిపోగలదు. మెరుపు తగ్గి, అంచులు చిరిగినట్లై, పసుపు ఛాయ తొంగిచూస్తే వెంటనే ఆపాలి. రెండు మూడు చెంచాల పచ్చి క్రీమ్ పోసి గరిటెతో నెమ్మదిగా కలిపితే తిరిగి నున్నబడుతుంది. కరెంటు బీటర్ లేనివారు తీగల విస్క్‌తో చేయవచ్చు, ఎనిమిది పది నిమిషాలు పడుతుంది. చివరి దశలో విస్క్ చేతికే అదుపు ఎక్కువ.

మరీ దాటిపోయి వెన్న విడిపోతే? కలత చెందనవసరం లేదు. ఇంకా గిలకొట్టి, చల్లని నీటితో కడిగి, పిండి వెన్నగా తీసుకోవచ్చు. 30 శాతం కొవ్వున్న 200 మిల్లీలీటర్ల నుండి 70 గ్రాముల దాకా వెన్న వస్తుంది. చక్కెర కలిపి ఉంటే సహర్‌లో రొట్టెపై పూసుకోవడానికి అది పిల్లలకు ఇష్టమైన వస్తువే.

ప్యాకెట్ వెనుక భాగం

గిలకొట్టిన క్రీమ్ ఎక్కువసేపు నిలవడానికి కొందరు తయారీదారులు జెలటిన్ కలుపుతారు. అది జంతువుల చర్మం, ఎముకల నుండి తీసేది. ఏ జంతువు, ఏ విధంగా కోసినది అన్నది ప్యాకెట్ చెప్పదు. మన దేశంలో ఆకుపచ్చ చతురస్రంలో ఆకుపచ్చ చుక్క ఉన్న ప్యాకెట్లలో జెలటిన్ ఉండరాదు. 471 సంఖ్యతో సూచించే మోనో, డై గ్లిజరైడ్లు కూడా అటువంటి ప్యాకెట్లలో జంతు కొవ్వు నుండి వచ్చినవై ఉండకూడదు. క్యారజీనన్ అని రాసి ఉంటే అది సముద్రపు నాచు నుండి తీసినది, సందేహం అవసరం లేదు. విదేశాలలో ఉన్న మన కుటుంబాలకు ఈ ఆకుపచ్చ చుక్క సౌకర్యం లేదు. ఆస్ట్రేలియాలో ‘థికెన్డ్ క్రీమ్’ పేరుతో దొరికేవాటిలో పలు రకాలలో జెలటిన్ ఉంటుంది. అక్కడ పదార్థాల జాబితానో, హలాల్ ధ్రువీకరణ ముద్రనో చూడక తప్పదు. క్రీమ్ నిలబడడానికి ఇంట్లో మనకు కావలసినది ఒక చెంచా పాలపొడి మాత్రమే. లేదంటే నీళ్లలో మరిగించి గోరువెచ్చగా చల్లార్చిన కొద్దిపాటి చైనా గ్రాస్ కలపవచ్చు.

ఆకుపచ్చ చుక్క ఆల్కహాల్ గురించి ఏమీ చెప్పదని కూడా గుర్తుంచుకోవాలి. వెనిలా ఎక్స్‌ట్రాక్ట్‌ను సాధారణంగా ఆల్కహాల్‌తోనే తీస్తారు. దీనిపై ధర్మవేత్తల మధ్య అభిప్రాయభేదాలున్నాయి. మీరు నమ్మే ఆలిమ్‌ను అడిగి నిర్ణయించుకోవచ్చు. యాలకుల పొడి, గులాబ్ జల్, కేవ్‌డా చేతికి అందుబాటులో ఉండగా ఖుబానీ కా మీఠాకు వెనిలా ఎందుకన్నది వేరే ప్రశ్న.

చెడినదని చెప్పే గుర్తులు

ముందుగా, చెడినట్లు కనిపించి చెడనివి. విప్పని ప్యాకెట్‌లో పైన చిక్కని ముద్ద, అడుగున పలుచని పాలు చేరడం సహజమే. అది నిలువ వల్ల కొవ్వు పైకి తేలడం. ఊపితే, కలిపితే సర్దుకుంటుంది. గిలకొట్టిన క్రీమ్‌ను గిన్నెలో ఉంచితే కొన్ని గంటలకు అడుగున కొద్దిగా నీరు ఊరుతుంది. మంచి వాసనతో ఉండి, నిరంతరం ఫ్రిజ్‌లోనే ఉన్నట్లయితే, ఆ నీరు వంచేసి మళ్లీ నాలుగు తిప్పులు తిప్పవచ్చు. ఫ్రిజ్ వెనుక గోడకు తగిలి గడ్డకట్టిన క్రీమ్ కరిగాక పలుకుగా మారుతుంది. అది కూరకు పనికివస్తుంది గాని గిలకొట్టడానికి రాదు.

ఇక నిజంగా చెడినవాటి సంగతి. విప్పకముందే డబ్బా ఉబ్బి ఉంటే లోపల సూక్ష్మజీవులు వాయువు పుట్టించాయని అర్థం. దానిని తెరిచి వాసన చూడవలసిన అవసరం కూడా లేదు. విప్పినప్పుడు పులుపు వాసన ముక్కును తాకడం అందరికీ తెలిసిన గుర్తు. అంతగా తెలియనిది సబ్బును, పాత నూనెను తలపించే వాసన. కొవ్వు విచ్ఛిన్నమైనప్పుడు అది పుడుతుంది. పులుపు లేకపోయినా ఆ క్రీమ్ చెడినదే. చల్లదనంలోనూ పెరిగే కొన్ని సూక్ష్మజీవులు పులుపుకు బదులు చేదును తెస్తాయి. వేడి చాయ్‌లో ఒక చెంచా వేస్తే చిన్న తునకలుగా విడిపోయి తేలడం మరొక గుర్తు. పులుపు పెరిగినా అలా జరుగుతుంది. బాసిల్లస్ సీరియస్ అనే సూక్ష్మజీవి కొవ్వు గోళాల పొరను కరిగించినా అలాగే జరుగుతుంది. మూత అంచున గులాబీ, ఆకుపచ్చ, నీలి, నల్లని మచ్చ ఏది కనిపించినా మొత్తం పారవేయాలి. ‘పైపైన తీసేసి మిగతాది వాడుకుందాం’ అన్నది గట్టి పదార్థాల విషయంలో కొంతవరకు చెల్లుతుందేమో గాని, క్రీమ్ వంటి తడి పదార్థంలో చెల్లదు. బూజు వేళ్లు కంటికి కనిపించేదానికంటే లోతుగా పోతాయి.

విప్ టాపింగ్ విషయంలో ముక్కు మరింత మోసపోతుంది. దానిలో చక్కెర, కృత్రిమ సువాసన ఎక్కువ కనుక పులుపు చాలా ఆలస్యంగా బయటపడుతుంది. ఫ్రీజర్ నుండి తీసి ఫ్రిజ్‌లోనే కరిగించి, ప్యాకెట్ మీద రాసినన్ని రోజులలోపు ముగించాలి. మళ్లీ గడ్డకట్టించి దాచకూడదు.

ఇంతవరకు చెప్పినవన్నీ ఇంద్రియాలకు అందే గుర్తులే.

ముక్కుకు అందనివి

క్రీమ్ వంటకాల వల్ల కలిగే వాంతులకు ముఖ్య కారకాలలో స్టాఫిలోకాకస్ ఆరియస్ ఒకటి. ఇది మన చర్మం మీద, ముక్కులో ఉండే సూక్ష్మజీవి. వేలికి చిన్న గాయమో, చీము పొక్కో ఉన్న చేత్తో క్రీమ్ కలిపితే అందులోకి చేరుతుంది. వెచ్చని చోట గంటల కొద్దీ ఉంచితే పెరిగి విషపదార్థాన్ని విడుదల చేస్తుంది. ఆ విషానికి వాసన లేదు, రుచి లేదు, రంగు మారదు. తరువాత మరిగించినా సూక్ష్మజీవి చనిపోతుంది గాని విషం మిగులుతుంది. తిన్న అరగంట నుండి ఎనిమిది గంటల లోపు తీవ్రమైన వాంతులు, కడుపునొప్పి మొదలవుతాయి. ఇఫ్తార్‌లో తిన్నవారు తరావీహ్ నమాజ్‌లో ఉండగానే కుప్పకూలడానికి ఇంత వ్యవధి చాలు.

రెండవది లిస్టీరియా. ఇతర హానికర సూక్ష్మజీవులు చలికి మందగిస్తే, ఇది ఫ్రిజ్‌లోనూ నెమ్మదిగా పెరుగుతుంది. ఆరోగ్యవంతులు దీనిని గమనించకపోవచ్చు. గర్భిణికి స్వల్ప జ్వరంగా వచ్చి, గర్భస్రావానికి దారితీయగలదు. వృద్ధులకు, రోగనిరోధక శక్తి తక్కువగా ఉన్నవారికీ ప్రమాదమే. పాశ్చరైజ్ చేసిన క్రీమ్‌లో ఇది ఉండదు. విప్పిన తరువాత మురికి చెంచా ద్వారా, పక్కనే మూత లేకుండా పెట్టిన పచ్చిమాంసపు గిన్నె ద్వారా చేరుతుంది. రాత్రివేళ పాత్రలపై మూతలు వేయమన్న దైవప్రవక్త (స) బోధను మనం ఎన్నోసార్లు విన్నాము. మన ఫ్రిజ్‌లలో ఎన్ని గిన్నెలు మూతలు లేకుండా ఉన్నాయో ఒకసారి తెరిచి చూడాలి.

అందుచేత క్రీమ్ విషయంలో నాలుక, ముక్కు రెండూ ‘ఇది చెడింది’ అని చెబితే నమ్మాలి. ‘ఇది బాగుంది’ అని చెబితే నమ్మరాదు. ఆ మాట చెప్పగలిగినవి రెండే: ఎంతసేపు బయట ఉంది, ఎన్ని రోజుల క్రితం విప్పారు. ఫ్రిజ్ 4 డిగ్రీల సెల్సియస్ దగ్గరో, అంతకంటే తక్కువగానో ఉండాలి. గిలకొట్టిన క్రీమ్ బయట రెండు గంటలకు మించి ఉండరాదు. గది వేడి 32 డిగ్రీలు దాటితే ఒక గంటే. మన ప్రాంతంలో రమజాన్ ఫిబ్రవరిలో వచ్చినా మధ్యాహ్నపు వంటగది ఆ వేడిని సులువుగా దాటుతుంది. కాబట్టి మనకు ఎల్లప్పుడూ ఒక గంట లెక్కే సురక్షితం.

దీనిని మన దినచర్యకు అన్వయించి చూస్తే చిక్కు ఎక్కడో తెలుస్తుంది. అస్ర్ తరువాత గిలకొట్టి, బల్లపై అలంకరించి, మగ్రిబ్ అజాన్ వరకు ఉంచి, ఖర్జూరంతో ఉపవాసం విరమించి, నమాజ్ చేసివచ్చి తింటారు. మిగిలిన దానిని తరావీహ్ నుండి తిరిగివచ్చిన మగవారికోసం బల్లపైనే ఉంచుతారు. అప్పుడు ఫ్రిజ్‌లో పెట్టి సహర్‌లో మళ్లీ తీస్తారు. ఏ దశలోనూ అది ఎక్కువసేపు ఉన్నట్లు అనిపించదు. మొత్తం కలిపితే నాలుగైదు గంటలవుతుంది. ఫ్రిజ్‌లో పెట్టిన సమయం బయట గడిచిన సమయాన్ని చెరిపివేయదు. దీనికి పరిష్కారం కష్టమేమీ కాదు. మిఠాయిని బల్లపై పెట్టవచ్చు, క్రీమ్‌ను మాత్రం మూత ఉన్న డబ్బాలో ఫ్రిజ్‌లోనే ఉంచి, తినేముందు ఎవరి గిన్నెలో వారికి చెంచాతో వేయాలి. తరావీహ్ నుండి వచ్చేవారి వాటాను మొదటే వేరు డబ్బాలో తీసిపెట్టాలి.

విప్పిన ప్యాకెట్‌కు కూడా ఇదే లెక్క. టెట్రా ప్యాక్ విప్పనంతవరకు నెలల తరబడి బయట ఉండగలదు. అది చూసి విప్పిన తరువాతా అంతే బలమైనదని భ్రమపడతాము. కత్తెర పడిన క్షణం నుండి అది కాచిన పాలతో సమానం. సాధారణంగా మూడు రోజులని వాటిమీదే రాసి ఉంటుంది. విప్పిన తేదీని ప్యాకెట్ మీద కలంతో రాసిపెడితే, మొదట చెప్పుకున్న ఆ గృహిణికి వాసన కూడా చూడవలసిన పని లేదు. నాలుగు రోజులైంది, కనుక వాడరాదు.

కరెంటు పోయినప్పుడు తలుపు తెరవకుండా ఉంచితే ఫ్రిజ్ సుమారు నాలుగు గంటలు చల్లదనాన్ని నిలుపుకుంటుంది. అంతకు మించితే క్రీమ్‌ను వదులుకోవాలి. పిల్లలు నీళ్ల సీసాకోసం పదేపదే తెరిచే ఇంట్లో ఆ నాలుగు గంటలు కూడా ఉండవు.

పారబోయడమా, దాచడమా?

దుబారా పట్ల మనకున్న జంకు మంచిదే. అయితే చెడిన పదార్థాన్ని ఇంటివారి కడుపులోకి పంపడం దుబారాను ఆపడం కాదు. దుబారా పారబోసినప్పుడు కాదు, అవసరానికి మించి కొన్నప్పుడే జరిగిపోయింది.

ఇక్కడ ఒక సందేహం వస్తుంది. మా నానమ్మలు వారం రోజుల మీగడ పోగుచేసి, పులిసిన తరువాతనే వెన్న తీసేవారు కదా, అప్పుడు ఎవరికీ ఏమీ కాలేదు కదా అని. వారు చేసినది వేరు. కాచిన పాల మీగడలో ఒక చెంచా పెరుగు కలిపి దాచేవారు. పెరుగులోని మేలు చేసే సూక్ష్మజీవులు ముందుగా స్థానం ఆక్రమించి, పులుపుతో ఇతరులను అదుపులో ఉంచేవి. చివరకు ఆ వెన్నను కాచి నెయ్యి చేసేవారు. పాశ్చరైజ్ చేసిన ప్యాకెట్ క్రీమ్‌లో అటువంటి మేలు చేసే సూక్ష్మజీవులు మిగలవు. అది దానంతటదే పులిస్తే, అందులో పెరిగినది ఏమిటో మనకు తెలియదు. కనుక పెరుగు వేసి పులియబెట్టిన మీగడను గౌరవించాలి, మరచిపోయి పులిసిన ప్యాకెట్‌ను పారవేయాలి. తాజాగా ఉన్న క్రీమ్ మూడు రోజులలో ముగియదని ముందే తెలిస్తే, ఆ మొదటి రోజే పెరుగు కలిపి వెన్నకు పెట్టుకోవచ్చు.

ఫ్రీజర్ కూడా తోడ్పడుతుంది. గిలకొట్టని క్రీమ్‌ను గడ్డకట్టిస్తే తరువాత పొంగదు గాని, ఖోర్మాకు, మలాయి కోఫ్తాకు పనికివస్తుంది. గిలకొట్టిన క్రీమ్‌ను చెంచాలతో పళ్లెంలో ముద్దలుగా పెట్టి, గట్టిపడ్డాక డబ్బాలోకి మార్చుకుంటే, కావలసినన్ని ముద్దలు మాత్రమే తీసి మిఠాయిపై పెట్టుకోవచ్చు. ఖుబానీ వేడికి అవి పది నిమిషాలలో మెత్తబడతాయి.

ఇంటి నుండి కేకులు చేసి అమ్మే సోదరీమణులు ఇప్పుడు మన బస్తీలలో ఎందరో ఉన్నారు. ఆ ఆదాయంతో పిల్లల ఫీజులు కడుతున్నారు, అది సంతోషించదగిన విషయం. ఇంటి నుండి అమ్మినా ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ వద్ద నమోదు తప్పనిసరి. దానికంటే ముందు మరొక బాధ్యత ఉంది. బజారులో ధాన్యపు రాశిలోకి చేయి పెట్టి, అడుగున దాగిన తడిని దైవప్రవక్త (స) పట్టుకున్న సంఘటన మనకు తెలుసు. పైన ఆరిన గింజలు, కింద తడిసినవి. నిన్నటి మిగులు క్రీమ్‌ను లోపలి పొరలలో వేసి, నేటి క్రీమ్‌ను పైన పూసిన కేకు ఆ రాశి వంటిదే. కొనేవారికి అది కనిపించదు, రుచిలో తెలియకపోవచ్చు, చాలాసార్లు ఎవరికీ ఏమీ కాకపోవచ్చు కూడా. డబ్బా మీద క్రీమ్ గిలకొట్టిన రోజు, గంట రాయడం, గంటలోగా ఫ్రిజ్‌లో పెట్టమని, ఎన్నటిలోగా ముగించాలో చెప్పడం అమ్మేవారి పని. వేలికి గాయం ఉన్న రోజున చేతితొడుగు వేసుకోవాలి, వాంతులు విరేచనాలు ఉన్న రోజున ఆర్డరు తీసుకోకూడదు. మే నెల ఎండలో రెండు గంటలు బైకుపై వెళ్లవలసిన కేకుకు మంచు పెట్టె లేకపోతే, పాల క్రీమ్ వద్దు, ఖర్జూరం, బాదం వేసిన మామూలు కేకు చేసిస్తానని చెప్పాలి. వారు ఒప్పుకోకపోతే ఆ ఆర్డరు మరొకరికి పోతుంది. పోనివ్వాలి.